వంతెన అవతలి తొమ్మిది ఇళ్లు

సుగియోరి పట్టణాధ్యక్షులు మియాజి గారి సముఖమునకు, అదే పట్టణ నివాసి, ఇళ్లకు వెళ్లి జుట్టు కత్తిరించు వృత్తిలో ఉన్న కురామోతో సాయో, వయస్సు 58, వ్రాసుకొన్న అర్జీ.

రేవా 7వ సంవత్సరం (2025), మార్చి 5

అయ్యా,

విషయం: తక్కువ ధర గల చిన్న కరెంటు కార్లు దొరకకపోవుట, అందువలన నాకును నా ఖాతాదారులకును కలిగిన ఇబ్బంది గురించి.

మంచం దిగలేనివారు, బస్సు ఎక్కలేనివారు ఉన్న ఇరవై మూడు ఇళ్లకు నేను ముప్పై ఏళ్లుగా వెళ్లుచున్నాను. ఈ క్రింది సంగతులు తమకు మనవి చేసుకొంటున్నాను.

1. గత మార్చిలో మా లోయలోని ఒక్కగానొక్క పెట్రోలు బంకు మూతపడినది. భూమిలోని ట్యాంకు పాతబడినది, కొత్తది వేయించే శక్తి నడిపే దంపతులకు లేకపోయినది. ఇప్పుడు పెట్రోలు కావలెనంటే కనుమ దాటి ముప్పై నాలుగు కిలోమీటర్లు పోవలెను. మంచు పడితే కనుమ మూసివేయుదురు. అదే వారంలో తమ కార్యాలయం వారు ఇంటింటికీ కరపత్రం పంచియున్నారు. "కరెంటు కారు కొనండి, ఇక మీ ఇంటి గోడే మీ బంకు" అని అందులో ఉన్నది. ఖర్చులో కొంత పట్టణమే భరించునని కూడా ఉన్నది. నేను నమ్మితిని.

2. ఏప్రిల్‌లో బయానా ఇచ్చితిని. కార్ల దుకాణం కదోతా గారు నాలుగు నెలలు అన్నారు. ఆగస్టులో అడిగితే డిసెంబరు అన్నారు. డిసెంబరులో స్వయంగా వెళ్లితిని.

"చిన్నవి లేవక్కా. వాటిమీద కంపెనీకి మిగిలేదేం లేదట, చెయ్యడమే తగ్గించేశారు. పెద్దది కావాలంటే చెప్పండి, ఎల్లుండే ఇంటిముందు పెట్టిస్తాను" అన్నారు.

పెద్దదాని ధర నా నాలుగేళ్ల సంపాదన. అదియుగాక నా ఖాతాదారుల్లో తొమ్మిది ఇళ్లకు దారియైన పై ఊరి వంతెన మొదట్లో లారీలు రాకుండా తమ ఇంజనీరు గారు పాతించిన రెండు స్తంభాలున్నవి. నా పాత చిన్న కారే అద్దాలు మడుచుకొని వాటి మధ్య దూరుచున్నది.

"పెద్దది వంతెన మీద పట్టదండీ."

"అయితే నన్నేం చెయ్యమంటారక్కా? మీలాంటివాళ్లు పంతొమ్మిది మంది వరసలో ఉన్నారు. ఫోను మోగితే ఎత్తాలంటే భయమేస్తోంది."

ఆయనను గట్టిగా నాలుగు మాటలు అనాలనే వెళ్లాను. అనలేకపోయాను. జుట్టు పెరిగి కాలరు మీద పడుతోంది పాపం. కత్తిరించి వచ్చాను.

3. మార్చి 31 లోగా కారు నా పేర నమోదు కానిచో సహాయం రద్దగునని నోటీసు వచ్చినది. జనవరిలో తమ కార్యాలయం రెండో కౌంటరు వద్ద హమాగుచి అను అమ్మాయిని గడువు పొడిగించవలసినదిగా కోరితిని.

"కారు వస్తేనే కదండీ పొడిగించడానికి వీలయ్యేది?"

"రాలేదు కాబట్టే కదమ్మా పొడిగించమంటున్నాను?"

ఆమె కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఏప్రిల్‌లో కొత్త దరఖాస్తు పెట్టుకొమ్మన్నది. బయట తమ ఆవరణలో సరిగ్గా నాకు కావలసినటువంటి చిన్న కరెంటు కారు నిలిపియున్నది, తలుపు మీద నవ్వుతున్న నిమ్మకాయ బొమ్మతో. వారానికి ఒక్కరోజు అద్దెకు ఇస్తారా అని అడిగితిని. "అది చూపించడానికండీ, తిప్పడానికి కాదు" అన్నది. ఆ మాట అన్నప్పుడు నా ముఖం వైపు చూడలేదు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.

4. ఫిబ్రవరి 28తో నా పాత కారు తనిఖీ గడువు తీరినది, మళ్లీ తనిఖీ పాసవకుండా దానిని రోడ్డెక్కించరాదు. అడుగంతా తుప్పు తినేసింది, ఇక పాసవదని మెకానిక్ తేల్చినాడు. బస్సు దారిలోని పద్నాలుగు ఇళ్లకు ఎలాగో పోగలను. వంతెన అవతలి తొమ్మిదింటికి పోలేను. ఈ సంగతి ఎదురుగా నిలబడి చెప్పాలని, గడువు తీరే రోజున ముందుగా వంతెన అవతలి నోబుఎ గారింటికి వెళ్లాను. ఆమెకు ఎనభై ఎనిమిది. నేను వెళ్లేసరికే మెడకు తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పాల్సింది తర్వాత చెబుదామనుకుని కత్తెర తీశాను.

"ఇదేంటే సాయో, మగాడి తలలా చేస్తున్నావు? ఎప్పుడూ చెవుల కిందికి ఉంచేదానివి కదా."

"వేసవి వస్తోంది కదా పిన్నీ."

కిటికీ బయట మంచు కురుస్తూనే ఉంది. ఆమె అటు చూసింది.

"ఇక రావన్నమాట" అంది.

నేను దువ్వెన దులుపుతూ నిలబడ్డాను.

"అయితే ఇంకాస్త పొట్టిగా కత్తిరించవే. ఎక్కువ రోజులొస్తుంది."

కత్తిరించాను. చలికి తట్టుకోలేదని ఉన్ని టోపీ నా చేత్తోనే తొడిగాను. మిగతా ఇళ్ల గడప తొక్కడానికి నాకు ధైర్యం చాలలేదు. కారు తిప్పుకుని వచ్చేశాను.

కావున తమరు దయయుంచి గడువు పొడిగించి, వాడినదైనను సరే, రంగు వెలసినదైనను సరే, ఆ స్తంభాల మధ్య పట్టే ఒక కరెంటు కారు దొరికే ఏర్పాటు చేయవలెను. అది తమ చేతిలో లేనిచో ఇంకేమి కోరవలెనో నాకు తెలియడం లేదు. ఎవరిని అడిగినా వారి తప్పేమీ లేదు. తప్పు ఎవరిదో తెలిస్తే ఈ కాగితం వారికే రాసుకునేదాన్ని, తమకు శ్రమ ఇచ్చేదాన్ని కాదు. తీరిక చేసుకొని ఒక్కసారి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కురామోతో సాయో (ముద్ర)

తా.క.: తక్కిన ఎనిమిది ఇళ్లకు ఫోనులో చెప్పాను. ఆరుగురు "పోనీలే అమ్మా" అన్నారు. ఇద్దరికి చెవులు సరిగా వినపడవు. గొంతు పోయేలా అరిచాను. "ఆఁ ఆఁ, గురువారమే కదూ, టీ పెట్టి ఉంచుతాలే" అని ఒకరు, "తలుపు తీసే ఉంటుంది, వచ్చెయ్" అని ఒకరు, ఫోను పెట్టేశారు. రేపే అయ్యా గురువారం.