శుక్రవారం గుర్రుమనే బోటు

అక్టోబర్ 11, శనివారం

అబూ మాజిద్ తన బోటుని సౌదీ అల్ ఖోబర్‌లోని మా వర్క్‌షాప్‌కి మళ్లీ తెచ్చాడు. మూడోసారి. స్టెర్న్‌డ్రైవ్ బోటు. ఇంజిను లోపల, ప్రొపెల్లర్ ఉన్న డ్రైవ్ కాలు వెనక నీళ్లలో. అక్కడి నుంచి గుర్రుమని శబ్దం వస్తోందట. అదీ శుక్రవారాలే. బోటుకి వారాలు గూడా తెలుసా అప్పా అని ఫోర్‌మన్ దిలావర్ భాయ్ నవ్వాడు. కడపాయన. ఆయన నవ్వితే నాకూ నవ్వొస్తుంది. ఇవాళ రాలేదు.

ముదీర్, అంటే మా మేనేజర్, పిలిచి చెప్పేశాడు. నెలాఖరుకి నా ప్రొబేషన్ అయిపోతుంది. ఈ బోటు బాగైతే కన్‌ఫర్మ్, లేదంటే ఎగ్జిట్. అబూ మాజిద్ ఆయన పాత కస్టమర్ మరి.

ఎగ్జిట్ అంటే నేను కాకినాడలో, జాయ్సీ ఇక్కడ. పెళ్లయి ఏడాది దాటింది. ఆమె నర్సుల హాస్టల్లో ఉంటుంది, నేను కంపెనీ క్యాంపులో. కన్‌ఫర్మ్ అయిన రోజే ఫ్లాట్ వెతుకుదామనుకున్నాం.

అక్టోబర్ 12, ఆదివారం

సముద్రంలో ట్రయల్. నేనూ దిలావర్ భాయ్. స్పీడ్ పెంచాం, తగ్గించాం. ఎడమకి తిప్పాం, కుడికి తిప్పాం. స్క్రూడ్రైవర్ మొన ఇంజినుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. ఏమీ లేదు. నాకైతే యేమీ ఇనపడ్లేదబ్బీ అన్నాడాయన.

అక్టోబర్ 14, మంగళవారం

ప్రొపెల్లర్ మార్చి బోటు ఇచ్చేశాం. చీకట్లో రాయి వేశాం, అంతే.

అక్టోబర్ 17, శుక్రవారం, మధ్యాహ్నం

అబూ మాజిద్ నుంచి వాయిస్ మెసేజ్. అలలు, పిల్లల అరుపులు, మధ్యలో గుర్రు. నిజంగానే గుర్రు! ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, నా మీద. ఇవాళ నేను ఆ బోటులో ఉంటే సరిపోయేది. కానీ శుక్రవారం సెలవు, బోటులో ఆయన ఇంటి ఆడవాళ్లు ఉంటారు. పరాయి మగవాణ్ణి ఎక్కించుకోరు. అడగడం కూడా మర్యాద కాదు.

సాయంత్రం

సముద్రం ఒడ్డున కోర్నిష్‌లో జాయ్సీతో చెప్పుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. ఆమె రోగిని అడిగినట్టు అడగడం మొదలుపెట్టింది. ఎంతమంది ఎక్కుతారు, ఎవరెక్కడ కూచుంటారు అని. మగవాళ్లు ఇద్దరు వెనక, ఆడవాళ్లూ పిల్లలూ ఎనిమిది మంది ముందు, కబ్సా అన్నం గిన్నెలు కూడా ముందే అన్నాను. అయితే బరువంతా ముందేగా, మీరిద్దరే వెళ్తే ఆ బరువేదండీ అంది.

పల్లీలు తినడం ఆపేశాను. ముందు బరువైతే బోటు ముక్కు కిందికి దిగుతుంది. దాన్ని లేపడానికి అబూ మాజిద్ ట్రిమ్ బటన్ నొక్కి డ్రైవ్ కాలుని పైకెత్తుతాడు. మాకు ఎత్తే అవసరమే రాలేదు. ఎత్తిన కాలుతో మలుపు తిప్పితే లోపలి షాఫ్ట్ వంకరగా తిరగాలి. ఆ వంపు దగ్గరే బేరింగ్ ఉంది!

జాయ్సీని అందరి ముందూ ఎత్తుకుని తిప్పాలనిపించింది. పల్లీల పొట్లం ఆమె చేతిలో పెట్టాను.

అక్టోబర్ 18, శనివారం

బోటు తెప్పించాం. దిలావర్ భాయ్ తల గోక్కుని, వర్క్‌షాప్‌లో ఉన్నవాళ్లందరినీ పిలిచాడు. పెయింటర్లు, వెల్డర్, టీ చేసే ముస్తాక్. అందరినీ ముందు సీట్లలో కుక్కాడు. ఆజ్ తుమ్ లోగ్ అబూ మాజిద్ కీ ఫ్యామిలీ, హిల్నా నక్కో అన్నాడు, ఇవాళ వాళ్లే ఆ కుటుంబం, కదలొద్దని. ముస్తాక్ కదలకుండా కూచుని ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకున్నాడు.

నీళ్లలోకి వెళ్లగానే ముక్కు దిగింది. డ్రైవ్ ఎత్తాను. ఎడమకి తిప్పాను. గుర్ర్ర్ర్.

అంత పాడు శబ్దానికి అంత సంతోషం వేస్తుందని నాకు తెలియదు. అందరం కేకలు పెట్టాం. పక్క బోటువాళ్లు మేం మునిగిపోతున్నామనుకుని మా వైపు వచ్చారు.

అక్టోబర్ 20, సోమవారం

డ్రైవ్ ఊడదీశాం. బేరింగ్‌లో వేలు పెట్టి తిప్పితే ఇసక పోసినట్టు గరగరలాడింది. వెలుపలి రబ్బరు తొడుగులో గోరంత చిరుగు. అందులోంచి ఉప్పునీళ్లు చేరి తుప్పు పట్టింది. రెండూ మార్చాం. కాలు ఎత్తి, మా వర్క్‌షాప్ కుటుంబాన్ని కూచోబెట్టి మళ్లీ ట్రయల్. శబ్దం లేదు. అయినా శుక్రవారం దాకా నాకు నమ్మకం కుదరదు.

అక్టోబర్ 24, శుక్రవారం

అసర్ నమాజు వేళ దాటాక వాయిస్ మెసేజ్. అలలు, పిల్లలు, గుర్రు మాత్రం లేదు. చివర అబూ మాజిద్ ఒక్కటే మాట అన్నాడు, ఖలాస్ అని.

అక్టోబర్ 30, గురువారం

ముదీర్ సంతకం పెట్టాడు. జాయ్సీ ఫోన్లో ఏడ్చింది. నేనూ.

నవంబర్ 7, శుక్రవారం, ఉదయం

మా ఫ్లాట్. ఒకటే గది. జాయ్సీ నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంది. గురక పెడుతోంది. వింటూ కూచున్నాను.