ఒక ఎముక ఎక్కువ

ఫిబ్రవరి 3

ఇవాళ చేతిలోంచి కత్తెర జారింది. బ్యాంకు మేడం చెవి తమ్మెకు తగిలింది. పెద్ద గాయం కాదు. రెండు చుక్కల రక్తం, కాస్త దూది, ప్లాస్టర్. ఆవిడ ఏడేళ్ళుగా మా పార్లర్‌కు వస్తోంది, ఎప్పుడూ నా కుర్చీలోనే కూర్చుంటుంది. లేచి పక్క కుర్చీకి మారింది. మిగతా సగం జుట్టు అక్కడి అమ్మాయి కత్తిరించింది.

జారిందని రాశాను కానీ అది నిజం కాదు. నేను వదల్లేదు, పట్టుకునీ లేను. చివరి రెండు వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు.

షట్టర్ దించాక అక్క కడిగేసింది. తోడబుట్టినదే అయినా పార్లర్ తనది, అనే హక్కుంది. ధ్యాస ఎక్కడ పెట్టుకుని పని చేస్తున్నావే అంది. చెయ్యెత్తితే మొద్దుబారుతోందక్కా అన్నాను. చేతులు లాగనిది ఎవరికే, పొద్దస్తమానం పైకెత్తి చేసే పని, ఓర్చుకోవాలి అంది.

ఫిబ్రవరి 4

అక్క రేపటి నుంచి నన్ను కౌంటర్‌లో కూర్చోమంది. ఫోన్లు ఎత్తాలి, అపాయింట్‌మెంట్లు రాసుకోవాలి.

ఫిబ్రవరి 11

ఇప్పటికి ముగ్గురు డాక్టర్లయ్యారు. మొదటాయన మణికట్టులో నరం నొక్కుకుందని పట్టీ ఇచ్చాడు. ఆరు వారాలు కట్టుకున్నాను. రెండో ఆయన విటమిన్ మాత్రలు రాశాడు. ఇవాళ మూడో ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూడనైనా లేదు, ఇంట్లో టెన్షన్ ఏమైనా ఉందా అని అడిగింది.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య, ఇంట్లో టెన్షన్ అంటే నేనే కదా, నా పేరు రాయించావా లేదా అంది. మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పొద్దున జడ వేసుకోవడానికి మూడుసార్లు చెయ్యి దించాల్సి వచ్చింది. ఊళ్ళో అందరి తలలూ దువ్వినదాన్ని.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

పక్క కుర్చీ అమ్మాయి సెలవు పెట్టింది. గత్యంతరం లేక అక్క నన్ను మళ్ళీ నిలబెట్టింది. వచ్చినావిడ నడుము దాటిన జుట్టును భుజాల దాకా కత్తిరించమంది. సగంలో ఉండగా అద్దంలోంచి నన్ను చూస్తూ, నిమిషానికోసారి చెయ్యి దించుతున్నావమ్మా, లెక్కపెడుతున్నా అంది. ఆవిడ ఫిజియోథెరపిస్టట.

మెడకు కట్టిన గుడ్డతోనే లేచి నా నాడి పట్టుకుంది. చెయ్యి పైకెత్తమంది, తల తిప్పమంది, ఊపిరి పీల్చి బిగబట్టమంది. కాసేపాగి, నాడి అందడం లేదు అంది, షాపులో సరుకు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. తర్వాత కాలర్‌బోన్ పైన గుంటలో బొటనవేలితో నొక్కింది. చిటికెన వేలి దాకా జివ్వుమని లాగింది.

ఇది మణికట్టు జబ్బు కాదు, మెడది, ఎక్స్‌రే తీయించుకో అని చెప్పి మళ్ళీ కూర్చుంది. సగం జుట్టు పొడుగ్గా, సగం పొట్టిగా. అక్క కౌంటర్ దగ్గర నుంచి అంతా చూసింది.

ఫిబ్రవరి 21

ఒక ఎముక ఎక్కువ ఉంది. మెడలో చివరి పూసకు కుడివైపు, అంగుళమున్నర పక్కటెముక. అక్కడ ఉండకూడనిది. పుట్టినప్పటి నుంచీ ఉందట.

అత్తయ్య, నీ నాలుకకు లేని ఎముక అక్కడ మొలిచిందన్నమాట అంది. ఈసారి నేనూ నవ్వాను. తర్వాత ఆవిడ ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. పాపం, మేమెవరమూ నమ్మలేదు అంది. ఎవరూ నమ్మలేదు అని కాదు, తననూ కలుపుకుని మేమెవరమూ అంది.

మార్చి 2

సర్జన్ చీటీ వెనక బొమ్మ వేశాడు. మెడ అడుగున ముందొక కండరం, వెనకొక కండరం, కింద మొదటి పక్కటెముక. మధ్యలో ఇరుకు సందు. చేతికి రక్తం తెచ్చే పెద్ద ధమని, చేతి నరాల కట్ట ఆ సందులోంచే పోవాలి. సిర మాత్రం ముందు కండరానికి ఇవతలగా పోతుంది, దానికి ఏ గొడవా లేదు. నా ఎముక ఆ సందులోకి చొచ్చుకొచ్చింది. చెయ్యెత్తితే నరాలు దానికి ఒరుసుకుంటాయి, ధమని నొక్కుకుంటుంది. ముందు కండరం కోసి, ఎముక తీసేయాలి.

తేడా వస్తే ఏమవుతుందని అడిగాను. దాచలేదు. ఆ కండరం మీదుగానే దారమంత నరం ఒకటి దిగుతుంది, అది డయాఫ్రంకు, అంటే ఊపిరితిత్తుల కింది కండరానికి పోయేది, ఊపిరి దాని చలవే, దాన్ని పక్కకు జరిపి కోయాలి అన్నాడు. ఊపిరితిత్తి కొన కూడా అక్కడి దాకా వస్తుందట. ధమనికి తగిలితే, అని ఆగి, తగలనివ్వం అన్నాడు.

మళ్ళీ గంటసేపు కత్తెర పట్టగలనా అన్నాను. చాలామంది బాగుపడతారు, అందరూ కాదు అన్నాడు. ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది.

మార్చి 3

నాకు వేరే పని రాదు. ఒప్పుకున్నాను.

మార్చి 16

ఎడమ చేత్తో రాస్తున్నా. ఎముక తీశారు. చెయ్యి వెచ్చగా ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదు.

మార్చి 18

ఆ నరం కమిలిందట. కుడివైపు డయాఫ్రం కదలడం లేదు. సర్జన్ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని తనే చెప్పాడు. తెగలేదు, నా కళ్ళతో చూశాను, వారాలు పట్టచ్చు, నెలలు పట్టచ్చు అన్నాడు. మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నా.

చెయ్యి కోసం వచ్చి ఊపిరి పోగొట్టుకున్నానా అనిపించింది. ఏడుద్దామనుకున్నా. దానికీ ఊపిరి కావాలి.

మార్చి 30, సాయంత్రం

అక్క ఇంటికి వచ్చింది. తోబుట్టువులకు కూడా ఇలా ఉండొచ్చని సర్జన్ అన్నాడని చెప్పాను. కొంగు అంచు మడుస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది.

తొమ్మిదేళ్ళ కింద తనకూ ఇలాగే మొదలైందట. కత్తెర పట్టడం విసుగొచ్చిందని మాతో చెప్పి, నన్ను కుర్చీ దగ్గర నిలబెట్టి, తను కౌంటర్‌కు మారింది. మేమంతా ఓనరమ్మ అయ్యిందని ఏడిపించేవాళ్ళం. విసుగు కాదు. చేతిలో దువ్వెన నిలిచేది కాదట.

మరి నేను చెప్తే ఎందుకు నమ్మలేదక్కా అన్నాను.

నమ్మానే, అందుకే ఒళ్ళు మండింది, నేను నోరు మూసుకుని ఓర్చుకున్నా కదా, ఇదెందుకు ఓర్చుకోదు అనుకున్నా అంది.

ఇంక వెళ్ళు అన్నాను. వెళ్ళింది.

ఏప్రిల్ 12

మా ఇంటికి పద్దెనిమిది మెట్లు. ఊపిరందక రెండుసార్లు ఆగాను. కాలర్‌బోన్ కింద అరచెయ్యంత మేర చర్మం మొద్దుగా ఉంది. అది అలాగే ఉండిపోవచ్చట. అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మే 20

స్కాన్‌లో డయాఫ్రం కదిలింది. తెర మీద నేనే చూశాను, మెల్లగా, బద్ధకంగా. ఇక ఒక్క దిండు చాలు. మిగతా రెండూ అత్తయ్య వచ్చి పట్టుకుపోయింది. అవి తనవేనట, రెండు నెలలుగా మెడ పట్టేస్తున్నా అడగలేదట.

అక్కకు నేనే ఫోన్ చేసి స్కాన్ సంగతి చెప్పాను. వెంటనే పెట్టేశాను.

జూన్ 8

ఫిజియో మేడం కావాలనే నా కుర్చీలో కూర్చుంది. నలభై నిమిషాలు. చెయ్యి దించలేదు. చిటికెన వేలి కొసకు ఇంకా స్పర్శ లేదు కానీ కత్తెరకు దాంతో పని లేదు. అక్క కౌంటర్‌లో ఏదో రాస్తున్నట్టు నటించింది. పుస్తకం తిరగేసి ఉంది.

మేడం వెళ్ళాక కౌంటర్ దగ్గరికి వెళ్ళి అక్క మణికట్టు పట్టుకున్నాను. నాడి వెతకడానికే కాసేపు పట్టింది. చెయ్యి పైకెత్తాను. పోయింది. దించాను. వచ్చింది. అక్క నా ముఖం వైపే చూస్తోంది. తొమ్మిదేళ్ళు అన్నాను. ఊఁ అంది. తర్వాత, నువ్వూ వస్తావా అని అడిగింది.

జూన్ 11

అక్క ఎక్స్‌రే కోసం బయల్దేరాం. బస్సు కిటకిటలాడుతోంది. అక్కకు సీటు దొరికింది. నేను పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను, కుడి చేత్తో. కాసేపటికి సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. కూర్చోవే అంది. కూర్చోలేదు. హాస్పిటల్ స్టాపు ఎప్పుడో దాటిపోయింది. ఇద్దరి ధ్యాసా పైకెత్తిన నా చేతి మీదే, గమనించలేదు.