క్వర్క్ గారి అంత్యక్రియల్లో పద్నాలుగు మంది జర్మన్లు

జిల్లా పర్యాటక అధికారి గారి దివ్య సముఖానికి,

మా ఊళ్లో సందర్శకులు గంటసేపైనా నిలవడం లేదు గనక నెలాఖరుకి గైడు ఉద్యోగం ఎత్తేస్తున్నామన్న తమ ఉత్తరం అందింది. మంగళవారం సంగతి సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆ ఉదయం పద్నాలుగు మంది జర్మన్లకి పాత కోటగోడ చూపిస్తుండగా డిక్లన్ క్వర్క్ గారి శవపేటిక ఎదురొచ్చింది. ఊరి మర్యాద ప్రకారం పేటిక వెనక నాలుగడుగులు వేశాను. గైడు వెనకే నడవాలని వాళ్లకి అంతకుముందే గట్టిగా చెప్పి ఉన్నాను. నేను ఆగినా వాళ్లు ఆగలేదు, పేటిక వెంటే పోయారు. చర్చిలో వరసకట్టి, క్వర్క్ గారి భార్య బ్రీడా గారి చేయి పట్టుకుని ఒక్కొక్కరే ఓదార్చారు.

"ఎవర్రా వీళ్లంతా? మా ఆయన డబ్లిన్ కూడా సరిగ్గా చూడలేదే!" అని ఆవిడ నా చెవిలో అడిగింది.

"టూరిస్టులండీ. క్షమించండి, ఇప్పుడే తీసుకుపోతాను."

"తీసుకుపోతావూ? పట్టుమని పదిమందైనా వస్తారో రారోనని నేను కుమిలిపోతుంటే! టీ, శాండ్‌విచ్ ముట్టకుండా ఒక్కరిని కదిలించావో, కాళ్లు విరగ్గొడతాను!"

శిరసావహించాను. సాయంత్రానికి జర్మన్లు పాటలు పాడుతుంటే, ఆ భాష రాకపోయినా మా ముసలాళ్లు గొంతు కలిపారు. బస్సు కదిలేసరికి వాళ్లు ఊళ్లో దిగి ఆరు గంటల నలభై నిమిషాలైంది. రుజువుగా బస్సు డ్రైవరు సంతకం జతచేశాను.

క్వర్క్ గారు పోయి నెల తిరిగాక జరిగే ప్రార్థనకి బ్రీడా గారు ఆ జర్మన్లందరినీ పేరుపేరునా పిలిచారు. తొమ్మిది మంది వస్తున్నారు. ఆనాటికి వాళ్లను నడిపించే గైడు ఉండడన్న సంగతి ఆవిడకి తమరే స్వయంగా వచ్చి చెప్పాలి. నాకంత ధైర్యం లేదు.

ఇట్లు,
ప్రస్తుతానికి తమ గైడు