ఫ్రిజ్‌లో జాకెట్లు

జూన్ 3, ఉదయం
సర్వే వాళ్ళు పక్క వీధి దాకా వచ్చేశారట. ఇంట్లో ఫ్రిజ్ కనపడితే పేదవాళ్ళ లిస్టులోంచి పేరు లేచిపోతుందట, కార్డు పోతుందట. కార్డు పోతే అత్తకి కంటి ఆపరేషన్ ఫ్రీగా చెయ్యరు. నా మొహం ఆవిడకి పొగలా కనిపిస్తోంది. కోడలి మొహం సరిగ్గా చూడక్కర్లేదు, ఆ ఒక్కటే సుఖం.

మా ఫ్రిజ్ చచ్చి రెండేళ్ళు. ఇప్పుడది నా టైలరింగ్‌కి బీరువా. ఈ ఇంట్లో ఎలుకలు దూరలేని చోటు అదొక్కటే. కూరగాయల ట్రేలో హుక్కులు, గుడ్ల అరలో దారం రీళ్ళు.

అదే రోజు, మధ్యాహ్నం
అసలు చిక్కు ఏమిటంటే, అది చచ్చిందని అత్తకి తెలియదు. వీధి వీధీ తిరిగి గాజులమ్మి ఆవిడే కొన్నది. చెప్పడానికి మా ఆయనకి నోరు రాలేదు. గోడలకి రంగులేస్తూ మూడో అంతస్తులో తాడు పట్టుకుని వేలాడే మనిషి, అమ్మ ముందు మాత్రం పిల్లి. కుండలో నీళ్ళు సీసాలో పోసి ఇస్తాం. తాగి, ఫ్రిజ్ నీళ్ళంటే ఇవీ అంటుంది. చప్పుడు రావట్లేదేమే అని ఒకసారి అడిగింది. మంచి కంపెనీ అత్తయ్యా అన్నాను.

జూన్ 4
ఫ్రిజ్‌ని జాకెట్లతో సహా, సర్వే అయిపోయిన పక్క వీధిలో ఇస్త్రీ అక్క ఇంటికి మోశాం. వాళ్ళింటికి చుట్టాలొచ్చారు, అరువడిగింది అని అత్తకి చెప్పాం. ఎంత పొంగిపోయిందో! ఉన్నవాళ్ళం మనమే కదా ఇవ్వాలి అంది.

జూన్ 5
సర్వే వాళ్ళు రాలేదు. కాళ్ళు చాపుకోడానికి చోటు లేదు, ఎప్పుడు తీస్తారని ఇస్త్రీ అక్క రెండుసార్లు వచ్చి సతాయించింది.

జూన్ 6
సర్వే అతను వచ్చాడు. ట్యాబ్‌లో ఫ్యాన్ ఒకటి, కుట్టుమిషన్ ఒకటి అని నొక్కాడు. ఫ్రిజ్ ఉందా అన్నాడు. లేదండీ అన్నాను.

మంచం మీద అత్త చివాలున లేచి కూర్చుంది. లేకపోవడమేమిటే, నా కష్టార్జితం, ఇస్త్రీ వాళ్ళింట్లో ఉంది కదా అంది. మేమేం గతిలేనివాళ్ళం కాదు బాబూ, అలా రాయకు అని కూడా అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయన గోడ మీద పెచ్చులు పరీక్షించడం మొదలుపెట్టాడు.

అతను చూడాల్సిందే అన్నాడు. వెనకాలే పరిగెత్తాను. ఫ్రిజ్ తలుపు తీశాడు. పద్నాలుగు జాకెట్లు. ఐసు గడ్డకట్టాల్సిన చోట పెళ్ళికూతురి వర్క్ బ్లౌజ్. వెనక వైరు కూడా లేదు. ఏడుపొచ్చేసింది. కుండ, సీసా, మంచి కంపెనీ, అన్నీ చెప్పేశాను. అతను ట్యాబ్ అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత ఫ్రిజ్ అన్నచోట లేదు అని నొక్కాడు.

వెళ్తూ మా గుమ్మంలో ఆగి, ఫ్రిజ్ చూశానమ్మా, చాలా బాగుంది అని అత్తకి వినపడేలా అరిచాడు. మీ ఆవిడకి రెండు జాకెట్లు ఊరికే కుట్టిపెడతానన్నాను. పెళ్ళి కాలేదట.

జూలై 22
కార్డు నిలిచింది. ఆపరేషన్ అయింది. రేపు కట్టు విప్పుతారు. ఫ్రిజ్ మళ్ళీ మా మూలకే వచ్చింది, జాకెట్లూ అందులోనే. మా ఆయన పనుందని పొరుగూరికి జారుకున్నాడు. పిరికిసన్నాసి.

జూలై 23
ఇంటికి రాగానే అత్త తిన్నగా వెళ్ళి ఫ్రిజ్ తీసింది. జాకెట్ల వంక చూసింది. నా వంక చూసింది. మూసేసింది. మంచినీళ్ళు అడిగింది. ఆవిడ చూస్తుండగానే కుండలోంచి ముంచి ఇచ్చాను. తాగి, మరీ చల్లగా ఉన్నాయి, ఫ్రిజ్ కాస్త తగ్గించవే అంది.