రెండు వేళ్ళంత

తిర్ నెల 5, పొద్దున
నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ అసెగెదెచ్ ఆవులించి నోరు మూయలేకపోయింది. దవడ జారింది. నెలలో ఇది రెండోసారి. డెంటల్ మూడో ఏడు చదువుతున్నానన్న మాటేగానీ నేను ముట్టుకోలేకపోయాను. కాలేజీ క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరుగారు బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని, వెనక పళ్ళ మీద కిందికి నొక్కి వెనక్కి తోశారు. టక్కున కూర్చుంది. ఆరు వారాలు నోరు రెండు వేళ్ళ వెడల్పుకంటే ఎక్కువ తెరవొద్దన్నారు.

పంతొమ్మిదిన ఆవిడ కూతురు మహ్లెత్ పెళ్ళి. పిల్ల కారు కదిలేటప్పుడు తల్లి ఎలిల్తా అనే సంతోషపు కేక వేయాలి, నాలుక ఆడిస్తూ, వీధి చివరిదాకా వినబడేలా. తండ్రి లేని పిల్లని చప్పుడు లేకుండా సాగనంపమంటావా, ఇదేమన్నా చావా అని డాక్టరు మీద గయ్యిమంది.

తిర్ 7
పుస్తకం చూపించాను. చెవి ముందు వేలు పెట్టుకుని మెల్లగా నోరు తెరవమన్నాను. మొదట ఎముక ఉన్నచోటే తలుపులా తిరుగుతుంది. ఇంకా తెరిస్తే సొరుగులా ముందుకు జారుతుంది. ఎదురుగా చిన్న గట్టు. మీ ఎముక అది దాటేసి వెనక్కి రావడం లేదు అన్నాను. గడ్డం కింద పిడికిలి పెట్టుకోండి, తలుపు వరకే తెరవండి, ఎలిల్తాకి కావలసింది నాలుకే కదా.

యాభై ఏళ్ళుగా వాడుతున్నాను, నా నోట్లో సొరుగుందని ఒక్కరూ చెప్పలేదు అంది.

తిర్ 10
నువ్వు వేసి చూపించు అంది. వేశాను. మేక గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టుందని నవ్వబోయి, పిడికిలి గుర్తొచ్చి ఆపుకుంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాకివన్నీ ఎవరు నేర్పుతారు అనుకున్నాను. ఆవిడే కాఫీ పోసి, నాలుక అలా కాదు పిల్లా అని మొదలుపెట్టింది.

తిర్ 14
ఆవిడకి వచ్చేసింది! సన్నగా, రెండు వేళ్ళలోనే. నాది ఇంకా మేకే.

తిర్ 19, సాయంత్రం
పెళ్ళికూతురు కారెక్కింది. అప్పుడు పెళ్ళికొడుకు యారెద్ గుమ్మంలోంచి వెనక్కొచ్చాడు. అత్తగారికి తన చేత్తో ఒక గుర్షా, అంటే ప్రేమతో నోట్లో పెట్టే ముద్ద, పెట్టాలట. ఇంజెరా రొట్టెలో కోడికూర, సగం గుడ్డు చుట్టి పిడికెడు ముద్ద చేశాడు. ముద్ద ఎంతో ప్రేమ అంత. నేను వద్దనేలోపే ఆవిడ నోరు తెరిచింది. అల్లుడి చేయి నెట్టేసే అత్తగారు మా గోండర్ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

జారింది.

పొలమారిందంతే, నువ్వెళ్ళు అని యారెద్‌ని బయటికి తోలేశాను. ముద్ద తీసేసి, ఆవిడ్ని గోడకి ఆనించి కూచోబెట్టాను. ఆవిడ భుజం మీది తెల్లటి నెతెలా శాలువా కొంగు బొటనవేళ్ళకు చుట్టుకున్నాను. కిందికి. వెనక్కి. టక్. ఈసారి నేనే సర్దాను. ఆ నెతెలాతోనే దవడ బిగించి కట్టేశాను. ఇక తెరవడానికి లేదు.

బయట కారు స్టార్ట్ అయింది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. నన్ను గుమ్మం దాకా ఈడ్చుకెళ్ళింది. తన పిడికిలి నా గడ్డం కింద పెట్టింది.

వేశాను.

తిర్ 21
మహ్లెత్ ఫోన్ చేసింది. కారులోకి వినబడింది, మధ్యలో గొంతు పగిలిందేమమ్మా, ఏడ్చావా అని అడిగింది. ఆవిడ నావైపు చూసింది. పళ్ళు విప్పకుండానే అవునంది.