అమ్మవారికి కళ్ళు పెట్టిన పూనం

బచేలి,
గురువారం.

దుర్గేశ్ బాబుకి ఆశీస్సులు. ఎదురుగా చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

ఆదివారం మీ రంగుల దుకాణంలో జరిగే బొమ్మల ప్రదర్శనకు నేను గీసి ఇచ్చిన దంతేశ్వరి అమ్మవారి బొమ్మకు కావాలనే కళ్ళు పెట్టలేదు. కళ్ళు పెట్టిన క్షణం నుంచి అందులో అమ్మవారు ఉన్నట్టేనని మా ఇంటి నమ్మకం. ఇక చెప్పులతో తిరిగేచోట ఉంచకూడదు. నిన్న వచ్చి చూస్తే కళ్ళున్నాయి!

"ఆంటీ, మీరు మర్చిపోయిండ్రని నేనే పెట్టేసిన," అంది మీ దగ్గర బొమ్మలు గీయడం నేర్చుకునే పూనం, సంబరంగా. పైగా అమ్మవారి చూపు సరిగ్గా గుమ్మంలోని చెప్పుల మీదే ఉంది.

ఇంటికి తెచ్చేసుకుందామంటే మనసొప్పడం లేదు. యాభై ఏళ్ళకు నా బొమ్మను నలుగురూ చూడబోయేది ఇదే మొదటిసారి. అందుకే ఒక మనవి. ఆ రోజు అందరినీ చెప్పులు బయటే విడవమనండి. వాటికి నేనే కాపలా కూర్చుంటాను.

పూనంని ఏమీ అనకండి. అంత చక్కని కళ్ళు నా చేతికి రావు. బొమ్మ కింద ఆమె పేరు కూడా రాయండి.

లోపల బొమ్మ చూసినవాళ్ళు ఏమంటున్నారో మాత్రం అప్పుడప్పుడు బయటికి వచ్చి నా చెవిన వేయండి.

మీ బచేలి ఆంటీ