ఓరెస్ట్ సాన మిషను

తల్లీ డార్లీన్,

శనివారం ఐస్ హాకీ ఆటలో టెస్సా జారిపడి మణికట్టు విరిగిందట. ఆ పిల్ల స్కేట్లకు సాన పట్టింది మా ఆయనే. ఒకే జతకు మూడుసార్లు పట్టారట, బ్లేడుకు ఒకవైపు అంచే మిగల్లేదట. ఆ పిల్ల కోసం పెరోగీ కుడుములు చేశాను గానీ వాళ్లింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ముప్పై ఏళ్లుగా ఊరి పిల్లలందరికీ ఊరికే సాన పట్టిన మనిషి. మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పి ఏడాదైంది. నేనే దాచాను. తప్పు నాదే.

ఐస్ రింకులో సామాన్ల గది తాళం నీ దగ్గరే కదా, ఆ మిషను తీసేయి తల్లీ. పాడైందని మాత్రం చెప్పకు, బాగుచేస్తానని కూర్చుంటారు. ఎవరికో ఇచ్చేశామని చెప్పు. చిన్నపిల్లలకు లేసులు కట్టే పనైనా ఆయనకు ఉంచు. రావద్దని మాత్రం అనకు. నేను రాశానని తెలియనివ్వకు.

నిన్న వంటింట్లో నన్ను చూసి, "మీరు ఎవరి నాయనమ్మగారండీ? స్కేట్లు తెచ్చారా?" అన్నారు.

తెచ్చానన్నాను.

"కూర్చోండి, ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తాను" అన్నారు.

కూర్చున్నాను.

ఓరెస్ట్ భార్య